తెర వెనక వేసిన మార్కులు

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పియానో నేర్పాను. పోటీలో న్యాయనిర్ణేతగా కూర్చున్నది మాత్రం ఒక్కసారే. ఇప్పుడు సంగీతం టీచర్లుగా చేరుతున్నవాళ్లను ఏడాదికి రెండు మూడు పోటీలకు పిలుస్తున్నారని వింటున్నాను. వాళ్లు వెళ్లేముందు ఇది చదివితే మంచిదని రాస్తున్నాను. నా జీతం, ఇంక్రిమెంట్లు, ఇన్‌స్పెక్షన్ల సంగతి రాయను. అవి అందరికీ ఇంచుమించు ఒకలాగే జరుగుతాయి.

చెమ్మ

బెజవాడలో మా మిషన్ బాలికల పాఠశాలకు ఒకే పియానో ఉండేది. నేను పుట్టకముందు ఎవరో దాన్ని ఓడలో బందరుకు తెప్పించి, అక్కడినుంచి కాలవలో పడవ మీద బెజవాడ లాకుల దాకా తెచ్చారట. చలిదేశంలో చేసిన పెట్టె అది. మన డెల్టా గాలిలో ఆరు నెలలు నీళ్లే. చెక్క ఉబ్బేది, తీగలు తుప్పు పట్టేవి, లోపలి సుత్తుల మీది ఉన్నిని పురుగులు తినేవి. కింది పలక తీసి, ఆ వేడికి చెమ్మ ఆరుతుందని లోపల ఒక చిన్న కరెంటు బల్బు పెట్టి ఇరవైనాలుగు గంటలూ వెలిగించి ఉంచేదాన్ని. సెలవులకు ఎక్కడికి వెళ్లినా ఆ బల్బు మాడిపోయిందేమోనని బెంగ. సంగీతం నేర్పడమంటే వేళ్లు, చెవి అనుకుని వస్తారు కొత్తవాళ్లు. నా ఉద్యోగంలో సగం చెమ్మతో గడిచింది.

జపానువాళ్లు విశాఖపట్నం మీద బాంబులు వేసిన వేసవిలో బెజవాడ సగం ఖాళీ అయింది. బడి మూశారు. నేను గుడివాడలో మా అన్నయ్యగారింటికి వెళ్లాను. వానలు పడ్డాక తిరిగివచ్చి చూస్తే బల్బు మాడి ఎన్నాళ్లయిందో తెలియదు. వేళ్లతో నొక్కే మెట్లన్నీ ఒక్కొక్కటే తీసి, ఆరబెట్టి, దారికి తెచ్చాను. ఒక్క నల్ల మెట్టు లొంగలేదు. అది కుడిచేతికి తరచు తగిలే చోట ఉంది. నొక్కితే దిగేది, తిరిగి లేచేది కాదు. మద్రాసు నుంచి బాగుచేసే మనిషిని పిలిపిద్దామంటే యుద్ధం, సామాను దొరకదు. అందుకని పిల్లలకు ఒక ఉపాయం నేర్పాను. ఆ మెట్టు నొక్కగానే వేలు పక్కకి లాగెయ్యాలి. ఆ లాగుడుకి మెట్టు పైకి వచ్చేది. స్వరం మాత్రం నిలవాల్సినంత నిలవకుండా అరక్షణం ముందే తెగేది.

నాలుగేళ్లు మా బడిలో ప్రతి పిల్లా అలాగే వాయించింది. కొన్నాళ్లకు అది తప్పని నాకే అనిపించడం మానేసింది.

పెద్ద దొరసానిగారి పద్ధతి

నాకు పియానో నేర్పింది, ఉద్యోగమిచ్చింది మా ప్రిన్సిపాలు. ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీ. ఊరంతా ఆమెను పెద్ద దొరసానిగారనేది. మనిషి మంచిది. ప్లేగు రోజుల్లో రోగుల దగ్గర కూర్చున్నదని మా అమ్మ చెప్పేది. ఆమె గురించి నేను అనబోయే మాట ఈ మంచిని మరచిపోయి అంటున్నది కాదు.

జిల్లాలో మిషన్ బడులన్నిటికీ కలిపి సంగీతం పోటీ పెట్టేవారు. తీర్పు దొరసానిగారిదే. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఆ పోటీలో వాయించాను. నాకు రెండో బహుమతి ఇచ్చారు. ఇంటికి వస్తుంటే బండిలో ఆమె నా చెయ్యి పట్టుకుని, బైబిలు నుంచి నేర్చుకున్న తన తెలుగులో అన్నారు: "నీవు అందరికంటె బాగుగా వాయించితివి. నీవు నా దానవు గనుకనే నీకు రెండవది ఇచ్చితిని. నీకు అర్థమాయెనా?"

"అయిందండీ," అన్నాను.

నాకు ఏడుపు వచ్చింది, గర్వమూ వచ్చింది. చివరికి గర్వమే మిగిలింది. మనవాళ్లను ఒక మెట్టు కింద ఉంచడమే నీతి అని అప్పుడే నా మనసులో పడిపోయింది. తర్వాత క్లాసు పరీక్షల్లో, చర్చి పాటబృందం ఎంపికల్లో నేనూ అలాగే చేశాను. బాగా వచ్చిన పిల్లకు నాలుగు తగ్గించేదాన్ని. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు. ఆ ఎవరూ అనే మాటే ముఖ్యమని ఇప్పుడు తెలుస్తోంది. నేను కాపాడుకున్నది నా పేరును. పిల్లకు దక్కవలసింది అందులో లేదు.

నాంచారు

మా బడిలో చదివిన నాంచారమ్మను నాంచారు అనేవాళ్లం. ఆమె తండ్రి సుబ్బయ్యగారు పెడనలో మగ్గం నేసేవారు. మిల్లు గుడ్డ దెబ్బకు మగ్గం దించేసి బెజవాడ వచ్చి, వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరారు. ఊళ్లనుంచి వచ్చే చీరలను వేళ్లతో తడిమి నాణ్యం చూసి ధర కట్టడం ఆయన పని. బడి వాళ్లింటికి దగ్గరని పిల్లను మా దగ్గర వేశారు. వాళ్లు హిందువులు. పిల్లకు పియానో నేర్పుతానని నేను అడగడానికి వెళ్లినప్పుడు ఆయన మొదట ఒకటే అడిగారు.

"మతంలో కలుపుతారా అమ్మగారూ?"

"లేదండీ. పియానో ఒక్కటే."

"దాంతో ఏమొస్తుంది?"

"ఏమొస్తుందో నాకూ తెలియదండీ. కానీ పిల్లకి ఉంది."

"ఉంటే మనం కాదంటే పోతుందా," అన్నారాయన. అంతటితో ఒప్పుకున్నట్టే.

పదేళ్ల పిల్ల రెండేళ్లలో నా దగ్గర ఉన్నదంతా తీసుకుంది. మిగతా పిల్లలు స్వరాల కాగితం చూసి వాయించేవారు. నాంచారు ఒకసారి చూసి, కాగితం మూసి, తల కొంచెం వంచి వాయించేది. నోరు కూడా ఊరుకునేది కాదు. "టీచరుగారూ, నాంచారమ్మ అనే పేరుతో పియానో వాయించేది ఈ భూమ్మీద నేనొక్కదాన్నేనండీ. పోటీ లేదు," అనేది. పిల్లలంతా నవ్వేవారు.

యుద్ధం ముగిసిన తర్వాతి చలికాలంలో మద్రాసులో పియానో పోటీ పెట్టారు. మన దేశం నుంచే కాక సిలోన్ నుంచి, బర్మా నుంచి, మలయా నుంచి రావచ్చన్నారు. గెలిచినవాళ్లకు లండన్‌లో ఒక సంగీత కళాశాలలో రెండేళ్లు చదువు, ఓడ ఖర్చుతో సహా. నాంచారుకు పదిహేడు నిండాయి. సుబ్బయ్యగారికి పెడన నుంచి సంబంధం ఒకటి వచ్చి ఉంది. ఆయన బంధువులకు ఒకే మాట చెప్పారు: "మద్రాసు సంగతి తేలనివ్వండి. ఓడెక్కితే ఎక్కుద్ది. లేకపోతే అప్పుడు చూద్దాం."

పెద్ద దొరసానిగారు అప్పటికి ఇంగ్లండు వెళ్లిపోయారు. నాంచారును వెంటబెట్టుకుని మద్రాసు వెళ్లింది నేను.

తెర

న్యాయనిర్ణేతలు ముగ్గురు ఉండాలి. వాళ్లలో పెద్దగా ఉండేందుకు లండన్ నుంచి ఒకాయన వచ్చారు. కొలంబో నుంచి ఒక పియానో టీచరు, నా వయసావిడ, వచ్చారు. కలకత్తా నుంచి రావలసినాయనకు జ్వరమని తంతి వచ్చింది. చివరి పోటీకి ఒక రోజే మిగిలింది. పిల్లలను తీసుకువచ్చిన టీచర్లలో నన్ను పిలిచి కూర్చోమన్నారు.

"నా శిష్యురాలు పోటీలో ఉందండీ," అన్నాను.

లండన్ ఆయన నవ్వారు. "వేదికకూ మనకూ మధ్య తెర కట్టించాం. పేర్లుండవు, నంబర్లే. ఎవరు వాయిస్తున్నారో మీకెలా తెలుస్తుంది?"

తెలియదనే నేనూ అనుకున్నాను. అందులో నటన లేదు. అది ఎప్పుడూ చూడనంత మంచి పియానో. మా బడి పెట్టె గుర్తు కూడా రాలేదు.

నలుగురు మిగిలారు. అందరూ ఒకే రచన వాయించాలి. మొదట ఒక చురుకైన భాగం, నడుమ నెమ్మది భాగం, చివర పరుగు. మొదటి నంబరు భయపడింది. రెండో నంబరు చాలా బాగా, శుభ్రంగా వాయించాడు. అబ్బాయని తర్వాత తెలిసింది. అతనికి ఎనభై తొమ్మిది వేశాను. మూడో నంబరు మొదలైంది. మొదటి భాగం అయ్యేసరికి నేను పెన్సిలు కింద పెట్టాను. నెమ్మది భాగం సగానికి వచ్చేసరికి కాగితం అంచున తొంభై ఒకటి అని రాసుకున్నాను. నా ముప్పై ఒక్క సంవత్సరాల్లో నేను విన్నవాటిలో అంతకన్న మంచి వాయింపు లేదు.

అప్పుడు ఒక నల్ల మెట్టు మీద స్వరం నిలవాల్సిన చోటు వచ్చింది. స్వరం అరక్షణం ముందే తెగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ తెగింది. ఆ మంచి పియానోలో ఏ మెట్టూ ఇరుక్కోదు. అలా వేలు పక్కకి లాగే అవసరం ప్రపంచంలో ఒక్క పెట్టెకే ఉంది. అది బెజవాడలో ఉంది.

ఆ తర్వాత నేనేం చేశానో చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. రబ్బరు తీసుకుని తొంభై ఒకటి చెరిపి ఎనభైనాలుగు వేశాను. ఎంత తగ్గిస్తే నీతి అవుతుందో లెక్క కట్టుకుని వేసిన అంకె కాదు అది. చెయ్యి దానంతటది వేసింది. నాకు భయం వేసింది, తర్వాత తేలికగా అనిపించింది. పెద్ద దొరసానిగారు పక్కన ఉంటే మెచ్చుకునేవారని కూడా అనుకున్నాను.

మార్కులు కూడారు. రెండో నంబరు గెలిచాడు. మూడో నంబరు మూడు మార్కుల తేడాతో రెండో స్థానం. మిగతా ఇద్దరూ మూడో నంబరుకే ఎక్కువ వేశారు.

టీ తాగేచోట లండన్ ఆయన నాతో అన్నారు: "ఆ అమ్మాయి నెమ్మది భాగంలో ఆ స్వరాన్ని కొంచెం ముందుగా వదిలింది, గమనించారా? ఊపిరి తీసుకున్నట్టుంది. అలా ఎవరు నేర్పారో గానీ చక్కగా ఉంది."

నేను కప్పు తీసుకుని మూలనున్న బల్ల దగ్గరికి పోయాను.

కొలంబో టీచరు వచ్చి పక్కన కూర్చున్నారు. గెలిచిన అబ్బాయి ఆవిడ శిష్యుడే. "మొదటి నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. చిన్నప్పటినుంచీ ఎడమచేతిని కొంచెం బరువుగా వేస్తాడు," అన్నారు.

"తెలిశాక ఏం చేశారు?" అని అడిగాను.

"ఎంత వాయించాడో అంత వేశాను. ఇంకేం చెయ్యాలి?" ఆవిడ నా వైపు వింతగా చూశారు. "మీ అమ్మాయి నంబరు ఏదో మీకు తెలిసిందా?"

"లేదండీ," అన్నాను.

అబద్ధం ఆడానని ఇక్కడ రాయడం నాకు కష్టంగానే ఉంది. కానీ ఇది చిన్నది. పెద్దది రైల్లో ఆడాను.

రైలు

రైలు గూడూరు దాటింది. నాంచారు అడిగింది.

"మూడు మార్కులేనంటగా అండీ?"

"మూడే."

"ఎక్కడ పోయినయ్యండీ? మీరు జడ్జీల్లో ఉన్నారుగా. మీకు తెలుస్తది."

నిజం చెప్పడానికి అది సరైన చోటు. మా రైలు పెట్టెలో ఎవరూ లేరు, మూలన నిద్రపోతున్న ఒక ముసలాయన తప్ప. నేను చెప్పలేదు. ఏదో ఒక కారణం కావాలి. నోటికి వచ్చింది చెప్పాను.

"నెమ్మది భాగంలో కాస్త తొందరపడ్డావు."

తను కిటికీ వైపు తిరిగింది. "అవునా అండీ. నాకు తెలీలేదు. సరిగ్గానే ఎల్తున్నాననుకున్నా."

"కొంచెమే."

"మూడు మార్కులకి సరిపడా," అంది. మరికాస్సేపటికి, నా మొహం చూసి కాబోలు, నన్ను ఓదార్చబోయింది. "పోనీలెండి. లండన్లో దొరలు నాంచారమ్మా అని పిలవలేక నాలిక కొరుక్కునేవాళ్లు."

బెజవాడ స్టేషన్లో సుబ్బయ్యగారు నిలబడి ఉన్నారు. "రెండోది వచ్చింది నాన్నా. తొందరపడ్డానంట," అంది. ఆయన తలాడించి పెట్టె అందుకున్నారు. ఆగలేక పెడనవాళ్లు ఆ మాఘమాసంలోనే వేరేచోట సంబంధం కుదుర్చుకున్నారు. నాంచారు మా బడిలోనే అసిస్టెంటుగా చేరింది.

చెప్పిన తప్పు

విద్యార్థికి లేని తప్పు చెబితే ఏమవుతుందో నేను మూడేళ్లు దగ్గరుండి చూశాను. నాంచారు నా మాట నమ్మింది. నెమ్మది భాగాలు ఇంకా నెమ్మదిగా వాయించడం మొదలుపెట్టింది. ప్రతి స్వరం దగ్గరా ఆగి, ఇది త్వరగా వచ్చిందా అని తనలో తను అడుక్కున్నట్టు వాయించేది. ఆ తల వంపు పోయింది. కళ్లు మెట్ల మీదే ఉండేవి. ఏడాది తిరిగేసరికి అది మంచి టీచరు వాయింపు అయింది, అంతే. మా కొత్త ప్రిన్సిపాలు ఒకసారి నాతో, "మద్రాసులో రెండోది తెచ్చుకున్న పిల్ల ఈమేనా?" అని అడిగారు.

ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. రోజూ పక్కపక్కనే కూర్చుని అన్నం తినేవాళ్లం. అంత దగ్గరగా ఉన్న మనిషికి చెప్పడం ఇంకా కష్టం.

ఆసుపత్రి

తర్వాత నాంచారుకు దగ్గు పట్టుకుంది. వానాకాలం దగ్గనుకున్నాం. రక్తం పడ్డాక కృష్ణ అవతల ఊరికి దూరంగా ఉన్న క్షయ ఆసుపత్రిలో చేర్చారు. కొత్త మందు వచ్చిందని పేపర్లో చదివాం గానీ అది మా దాకా రాలేదు. సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా చూడనిచ్చేవారు. వరండాలో వరసగా మంచాలు. నేను శనివారాలు రైలెక్కి వెళ్లేదాన్ని.

డాక్టరు నాతో విడిగా మాట్లాడిన శనివారం, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చెప్పాను. తెర సంగతి, మెట్టు సంగతి, తొంభై ఒకటి, ఎనభైనాలుగు. తను చివరిదాకా వింది. అయ్యాక అడిగింది.

"అయితే నేను తొందరపళ్లేదన్నమాట?"

"లేదు."

"అస్సలు?"

"అస్సలు లేదమ్మా."

తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. "మూడేళ్లు ఆగి ఆగి వాయించానండీ," అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. తర్వాత, "మా నాన్నకి మీరే చెప్పండి. నేను తొందరపడ్డానని కొట్లో అందరికీ చెప్పాడు," అంది.

సుబ్బయ్యగారు వరండా చివర మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నిలబడే చెప్పాను. ఆయన తల ఎత్తకుండా విన్నారు.

"మా కొట్టుకి మా అన్న నేసిన చీరలొస్తాయండీ," అన్నారు చివరికి. "చెయ్యేస్తే నాకు తెలిసిపోద్ది. వాటికి నేను ధర కట్టను. పక్కాయనకిచ్చి లేచిపోతా. పక్కాయన లేకపోతే నేనే కడతా. కడితే ఎంతకి తూగితే అంతే కడతా. మావోడని తగ్గించి కడితే నష్టపోయేది నేను కాదుగా అమ్మగారూ. వాడు."

"అవునండీ."

"తెలిసినప్పుడు లేచిపోవాల్సింది మీరు." ఆయన నన్ను అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంతకుముందు గానీ తర్వాత గానీ ఈ పని గురించి అంతకన్న సరైన మాట నేను వినలేదు. చిన్నవాళ్లకు నేను చెప్పగలిగిందీ అదే. మీ పిల్ల అని తెలిస్తే లేచిపోండి. లేవలేకపోతే విన్నంత వెయ్యండి. మీ పేరు కోసం ఎవరి అంకెనూ తగ్గించకండి. తగ్గించి ఉంటే, దానికి కారణం మాత్రం కల్పించకండి.

తర్వాతి శనివారం నాంచారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. "మొదట్నించీ చెప్పండి," అంది.

"ఏం చెప్పను?"

"ఆ రోజు నేనెలా వాయించానో. జడ్జిగా చెప్పండి. నాకెవరూ చెప్పలేదుగా."

చెప్పాను. మొదటి భాగంలో రెండు చేతులూ ఎలా సమానంగా నడిచాయో, ఎక్కడ శబ్దం తగ్గించిందో, ఎక్కడ నేను పెన్సిలు కింద పెట్టానో. ఒక శనివారంలో అవలేదు. తను మధ్యమధ్య ఆపి, "అక్కడ ఎక్కువ గట్టిగా పళ్లేదా?" అని అడిగేది. లేదంటే తలాడించేది. రెండో శనివారం నెమ్మది భాగం అయింది. మూడో శనివారానికి మాట చాలా సన్నబడింది. చెవి దగ్గర పెట్టి వినాలి.

"చివరి పరుగు చెప్పండి."

నేను లేచి దిండు సర్దాను.

"ఎడం చెయ్యి ఒకచోట తప్పిపోయిందండీ. ఒక స్వరం అసలు పడనే లేదు. మీకు వినపళ్లేదా?"

"లేదమ్మా. నువ్వని తెలిశాక నేను వినడం మానేశాను."

తను కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నర్సు గంట కొట్టింది, మంచాల దగ్గరున్నవాళ్లంతా లేస్తున్నారు.

"అయితే తొంభై ఒకటి ఎక్కువండీ," అంది కళ్లు తెరవకుండానే. "ఒకటి తీసెయ్యండి. తొంభైకి గెలుస్తానా?"

"గెలుస్తావు."

"అయితే తొంభై వెయ్యండి."

సంచిలోంచి కాగితం తీసి, స్టూలు మీద పెట్టుకుని, తొంభై వేశాను.